గోడ పగలగొట్టక ముందే నీటి లీకేజీ మూలాన్ని కనిపెట్టడం ఎలా?

ఇంట్లో చెమ్మ కనిపించగానే మనం చేసే మొదటి పని ప్లంబరును పిలవడం, ఆయన చేసే మొదటి పని చెమ్మ ఉన్నచోట సుత్తి దెబ్బ వేయడం. ఆ రెండింటికీ మధ్య జరగవలసిన పని ఒకటి ఉంది. దానికి కొన్ని రోజుల ఓపిక కావాలి తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు. నీరు ఎక్కడో కారి మరెక్కడో తేలుతుంది. శ్లాబులోని సన్నని పగులు వెంట, గోడలో పైపు కోసం తీసిన గాడి వెంట, కరెంటు తీగల గొట్టాల లోపల అది అడుగుల కొద్దీ ప్రయాణించి, దారి దొరికిన చోట బయటపడుతుంది. అందువల్ల ‘ఎక్కడ కారుతోంది’ అని వెతకడానికి ముందు ‘ఎప్పుడు కారుతోంది’ అన్నది తేల్చుకోవాలి. సమయం తెలిస్తే స్థలం దానంతట అదే చాలావరకు బయటపడుతుంది.

బెంగళూరులో ఈ పనికి మరో చిక్కు ఉంది. ఇక్కడ చాలా ఇళ్లకు కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో చేరి, మోటారు ద్వారా పై ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి కుళాయిలకు దిగుతాయి. ‘కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి’ అనే సాధారణ సలహా ఇక్కడ ఉన్నదున్నట్టుగా పనిచేయదు. మారతహళ్లిలో అద్దె ఫ్లాటులో ఉన్నా, కేఆర్ పురంలో సొంతిల్లు కట్టుకున్నా, మన ఇంటి నీటి దారి తెలుసుకుని దానికి తగ్గట్టు పరీక్షించుకోవాలి.

ముందుగా కరెంటు సంగతి

ఫ్యాను కొక్కెం దగ్గర గానీ, లైటు పాయింటు దగ్గర గానీ, స్విచ్‌బోర్డు చుట్టూ గానీ తడి కనిపిస్తే, మరే పరీక్షా మొదలుపెట్టక ముందే ఆ గదికి సంబంధించిన ఎంసీబీని (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటును ఆపే స్విచ్‌ను) దించేయండి. తడి పూర్తిగా ఆరి, ఎలక్ట్రీషియన్ చూసి సరేననే దాకా దాన్ని ఎత్తవద్దు. శ్లాబు పోసేటప్పుడే తీగల గొట్టాలను కాంక్రీటులో పాతిపెడతారు కాబట్టి, శ్లాబులోకి దిగిన నీరు తరచు వాటిలోకే చేరుతుంది. ఫ్యాను కప్పు అంచున బొట్టు తయారవుతోందంటే సరిగ్గా దాని పైనే లీకేజీ ఉందని చెప్పలేం. ఆ గొట్టం ఎటు వెళ్తోందో ఆ దారిలో ఎక్కడో నీరు చొరబడుతోందని మాత్రమే చెప్పగలం. వాన పడినప్పుడల్లా, లేదా పై ఇంట్లో స్నానాలయ్యాక మీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడిపోతూ ఉంటే ఆ సమయాలను కూడా రాసిపెట్టుకోండి.

మరకను చదవడం, రాసుకోవడం

మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, గంట వేయండి. మర్నాడు అదే వెలుతురులో మళ్లీ చూడండి. సాగుతున్న తడి అంచు ముదురుగా ఉంటుంది, వేలి వెనుక భాగంతో తాకితే చుట్టూ ఉన్న గోడకంటే చల్లగా తగులుతుంది. ఆగిపోయిన తడి అంచు పసుపు కలిసిన గోధుమ రంగు గీతగా ఎండిపోయి ఉంటుంది. అలాంటి గీతలు ఒకదానిలో ఒకటిగా మూడు నాలుగు కనిపిస్తే నీరు వచ్చి, ఆగి, మళ్లీ వస్తోందన్నమాట. వాననీటినో, అప్పుడప్పుడు మాత్రమే వాడే డ్రెయిన్ పైపునో అప్పుడు ముందుగా అనుమానించాలి. పెయింటు కింద తెల్లని పొడి ఉబ్బి రాలుతుంటే, నీరు సిమెంటు గుండా చాలాకాలంగా నెమ్మదిగా ఊరుతూ, తనతో తెచ్చిన లవణాలను పైన వదిలి ఆరిపోతోందని అర్థం.

బొట్లు పడుతుంటే కింద ఒక గ్లాసు పెట్టి, ఎన్ని గంటలకు ఎంత నిండిందో రాసుకోండి. సెకనుకు ఒక బొట్టు చొప్పున పడితే రోజుకు దాదాపు 4 లీటర్లు అవుతుంది. ఈ లెక్క మున్ముందు చాలా అవసరపడుతుంది, ఎందుకంటే ఏదైనా వాల్వు కట్టేశాక ‘తగ్గినట్టుంది’ అనుకోవడానికీ, గ్లాసులో కొలిచి తగ్గిందని తెలుసుకోవడానికీ చాలా తేడా ఉంది. రాత్రింబగళ్లు ఒకే తీరున కారితే ఎప్పుడూ నీళ్లతో నిండి ఉండే సరఫరా పైపును అనుమానించండి. స్నానాలు, బట్టలుతకడం, గిన్నెలు తోమడం వంటి పనుల తర్వాత పెరిగితే డ్రెయిన్ పైపునూ, నేలనూ చూడాలి. మోటారు నడిచేటప్పుడే కారితే సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే పైపును గానీ, ట్యాంకు ఓవర్‌ఫ్లోను గానీ పరిశీలించాలి. వాన పడ్డాకే కనిపిస్తే టెర్రస్ వైపు, బయటి గోడ వైపు వెళ్లాలి.

మా పరిచయస్తుల ఫ్లాటులో పడకగది పైకప్పు మీద మరక వచ్చినప్పుడు అందరి చూపూ పై ఇంటి బాత్‌రూమ్ మీదే పడింది. గోడ మీద వేసిన గీతలు, వాటి పక్కన రాసిన గంటలు చూస్తే తడి ఎప్పుడూ పగలు పదకొండు దాటాకే పెరుగుతోంది. ఆ వేళకు పై ఇంట్లో అందరి స్నానాలూ ముగిసి రెండు మూడు గంటలై ఉంటుంది. ఆ సమయంలో నడిచేది యుటిలిటీలోని వాషింగ్ మెషీను ఒక్కటే. మెషీను నీళ్లు వదిలే గొట్టాన్ని నేలలోని డ్రెయిన్ రంధ్రంలోకి ఊరికే దూర్చి ఉంచారు. నీళ్లు ఒక్క ఉదుటున వచ్చినప్పుడు ఆ రంధ్రం చుట్టూ ఉన్న సందులోంచి కొంత కిందికి దిగి, తీగల గొట్టం పట్టుకుని పడకగది దాకా వచ్చింది. ఆ రంధ్రానికి సరైన మూత బిగించి, చుట్టూ ఉన్న సందు పూడ్చడంతో పని అయిపోయింది. బాత్‌రూమ్ టైల్స్ మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు.

ట్యాంకు పరీక్ష

సరఫరా వైపు లీకేజీ ఉందో లేదో తేల్చడానికి బెంగళూరు ఇళ్లలో నమ్మదగిన పరీక్ష ఇది. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు నింపి, మోటారును, ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ ఉంటే దాన్ని కూడా ఆపేయండి. ట్యాంకు అంచు మీద ఒక కర్ర అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి నీటి మట్టం దాకా ఉన్న లోతును టేపుతో కొలిచి రాసుకోండి. తెల్లవారుజామున, ఎవరూ కుళాయి తిప్పక ముందే, అదే చోట మళ్లీ కొలవండి. మర్నాటి రాత్రి ఇదంతా తిరిగి చేయండి, అయితే ఈసారి ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు మీది గేట్ వాల్వును పూర్తిగా కట్టేయండి.

రెండు రాత్రులూ మట్టం ఒకేలా తగ్గితే ట్యాంకులోనే గానీ, వాల్వుకు ముందున్న జాయింటులో గానీ లోపం ఉంది. మోటారు నుంచి వచ్చే పైపు ట్యాంకు అడుగున కలిసి ఉంటే నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పాడై, నీరు తిరిగి సంపులోకి జారుతూ ఉండవచ్చు కూడా. వాల్వు తెరిచి ఉన్న రాత్రి మాత్రమే తగ్గితే లీకేజీ ఇంటి పైపుల్లోనో, కుళాయిల్లోనో, ఫ్లష్‌లోనో ఉన్నట్టే. రెండు రాత్రులూ కదలకపోతే సరఫరా పైపులను దాదాపుగా పక్కన పెట్టి డ్రెయిన్లు, నేల, వాన వైపు దృష్టి మళ్లించవచ్చు. దాదాపుగా అని ఎందుకన్నానంటే, పాత గేట్ వాల్వులు కట్టినా పూర్తిగా మూసుకోవు. వాల్వు కట్టాక ఒక కుళాయి తెరిచి, పైపులోని నీళ్లు ఖాళీ అయ్యాక ధార పూర్తిగా ఆగిందో లేదో చూసి నిర్ధారించుకోవాలి.

మట్టం తగ్గుదలను లీటర్లలోకి మార్చడం సులభం. నీటి ఉపరితలం 110 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు 9.5 లీటర్లు పోయినట్టు. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు ఉన్న సంపులో అదే ఒక సెంటీమీటరుకు 30 లీటర్లు. పైకప్పు కింద గ్లాసులో పడేది రోజుకు 4 లీటర్లు, ట్యాంకు నుంచి పోయేది 100 లీటర్లు అయితే, మీకు కనిపిస్తున్న మరక అసలు లీకేజీలో చిన్న భాగం మాత్రమేనని గ్రహించాలి.

ఒకే ట్యాంకును నాలుగైదు ఇళ్లు పంచుకునే చోట రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ నీళ్లు వాడకుండా ముందుగా మాట్లాడుకోవాలి. పెద్ద అపార్ట్‌మెంటులో అది కుదరదు కాబట్టి మీ ఫ్లాటులోకి వచ్చే పైపు మీది వాల్వు ఎక్కడుందో సెక్యూరిటీనో, మెయింటెనెన్స్ వారినో అడిగి తెలుసుకోండి. ఫ్లాటుకు విడిగా మీటరు ఉంటే మీ పని తేలిక: కుళాయిలన్నీ కట్టి ఉన్నప్పుడు కూడా మీటరులోని చిన్న చక్రం తిరుగుతూ ఉంటే ఇంట్లో నీరు పోతోందన్నమాట. ప్రెషర్ పంపు ఉన్న భవనంలో ఎవరూ వాడని వేళ అది మాటిమాటికీ దానంతట అదే మొదలవుతుంటే అదీ ఒక సూచనే.

ఇక బెంగళూరు జలమండలి (బీడబ్ల్యూఎస్ఎస్‌బీ) మీటరు చూపేది మీటరుకూ సంపుకూ మధ్య ఉన్న పైపు సంగతి మాత్రమే. కావేరి నీళ్లు వదిలిన రోజున సంపులోకి వెళ్లే వాల్వు కట్టేసి చూడండి. అప్పుడూ మీటరు తిరిగితే ఆ నేల కింది పైపు పగిలి ఉంటుంది. మీటరుకు బయట, రోడ్డు వైపు ఊట కనిపిస్తే జలమండలి సహాయవాణి 1916కు ఫిర్యాదు చేయాలి. ఈ కావేరి నీటిని మండ్య జిల్లాలోని తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం, అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. మన గేటు ముందు మట్టిలోకి ఇంకిపోతుంటే చూస్తూ ఊరుకోకూడదు.

ఒక్కొక్కటిగా కట్టేయడం

సరఫరా వైపే లోపం ఉందని తేలాక, ఒకసారి ఒక్క మార్పే చేయాలన్న నియమాన్ని గట్టిగా పాటించండి. మొదట ఫ్లష్ ట్యాంకు. జిలేబీలో వేసే తినే రంగును కొద్దిగా నీళ్లలో కలిపి ఫ్లష్ ట్యాంకులో పోసి, అరగంట పాటు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంటే, కమోడ్‌లోని నీటికి రంగు వచ్చిందో లేదో చూడవచ్చు. రంగు వచ్చిందంటే లోపలి వాషరు అరిగిపోయింది. ఇది గోడను తడపదు, చప్పుడు చేయదు, అయినా రోజంతా ట్యాంకును ఖాళీ చేస్తూ ఉంటుంది.

తర్వాత గీజరు. బాత్‌రూమ్‌లోని వేడినీటి పైపుకు నీళ్లు గీజరు ద్వారానే వస్తాయి కాబట్టి, గీజరు స్విచ్ ఆపి, దానికి చల్లనీళ్లు అందించే యాంగిల్ కాక్‌ను (గోడ దగ్గరుండే చిన్న వాల్వును) కట్టేస్తే వేడినీటి పైపు మొత్తం వేరైపోతుంది. ఆ తర్వాత ఒక రోజంతా గ్లాసులో పడే నీరు తగ్గితే దోషం వేడి పైపుది, తగ్గకపోతే చల్లటి పైపుది. వెతకవలసిన పైపుల్లో దాదాపు సగం ఈ ఒక్క పనితో తగ్గిపోతాయి. నీళ్లు వేడెక్కుతున్నప్పుడు గీజరు సేఫ్టీ వాల్వు నుంచి కొన్ని బొట్లు పడటం మామూలే, దాన్ని లీకేజీగా లెక్కించవద్దు. వాష్ బేసిన్ కింద, కమోడ్ పక్కన, హెల్త్ ఫాసెట్ దగ్గర ఉండే యాంగిల్ కాక్‌లను కూడా ఇలాగే ఒక్కొక్కటిగా కట్టి చూడండి. ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ కాగితం చుట్టి ఉంచితే కంటికి కనిపించని తడి కూడా దాని మీద తెలుస్తుంది.

నీటి ఒత్తిడి ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున పెరుగుతుంది. అందుకే ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తులో ఊరికే చెమర్చే జాయింటు లాంటిదే కింది అంతస్తులో ధారగా కారవచ్చు.

బాత్‌రూమ్ నేల

ఇక్కడ తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాత్‌రూమ్ శ్లాబును తొట్టిలాగా కిందికి దించి, అందులో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ సందుల్లోంచో, ఫ్లోర్ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) చుట్టుపక్కల నుంచో దిగిన నీరు ముందు ఆ లోతులో నిలిచి, నిండాక మాత్రమే కింది ఇంటి పైకప్పులో కనిపిస్తుంది. లీకేజీ మొదలైన రోజుకూ, మరక కనిపించిన రోజుకూ మధ్య వారాలు గడిచి ఉండవచ్చు. మరమ్మతు అయ్యాక కూడా నిలిచిన నీరు దిగిపోయేదాకా బొట్లు పడుతూనే ఉంటాయి. ‘బాగుచేసినా ఆగలేదు’ అని వెంటనే రెండోసారి పగలగొట్టించేవారు ఈ సంగతి మరచిపోతారు.

పరీక్షను ఈ వరుసలో చేయండి. మొదట ఒకటి రెండు రోజులు ఆ బాత్‌రూమ్‌ను అసలు వాడకుండా ఉంచి, కింద పడే నీరు ఎంతో కొలవండి. ఆ తర్వాత ఒక బకెట్ నీళ్లను నేలకు తగలకుండా, గరాటు ద్వారా నేరుగా ఫ్లోర్ ట్రాప్‌లోకి పోయండి. ఇలా కొన్నిసార్లు పోశాక కింద తడి పెరిగితే ట్రాప్ జాయింటు గానీ, దాని తర్వాతి డ్రెయిన్ పైపు గానీ దెబ్బతిని ఉంటుంది. పెరగకపోతే తడిగుడ్డ చుట్టిన ఇసుక సంచితో ట్రాప్‌ను బిగించి, నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల లోతున రంగు కలిపిన నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా ఉంచండి. నీళ్లు గుమ్మం దాటకుండా చూసుకోండి. అప్పుడు తడి పెరిగితే నేలలోని సందులది తప్పు. దానికీ పెరగకపోతే షవర్‌ను కేవలం గోడ మీదికి తిప్పి పదిహేను నిమిషాలు పట్టి, గోడ టైల్స్ సందులనూ, కుళాయి చుట్టూ ఉన్న రంధ్రాన్నీ పరీక్షించండి. ప్రతి దశకూ మధ్య కనీసం ఒక రోజు వ్యవధి ఇవ్వాలి. రంగు కింద కనిపిస్తే తిరుగులేని రుజువు. కనిపించకపోతే మాత్రం నిర్దోషి అని తేల్చవద్దు, ఎందుకంటే సిమెంటు, ఇటుక ముక్కలు రంగును చాలావరకు పీల్చేసుకుంటాయి.

వంటగది సింకు కింది బాటిల్ ట్రాప్, ఆర్‌ఓ యంత్రం వృథానీటి గొట్టం, ఏసీ డ్రెయిన్ పైపు: ఈ మూడింటినీ టార్చిలైటుతో ఒకసారి చూస్తే చాలు. గోడ లోపలి నుంచి పోయే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోతే వేసవిలో మాత్రమే వచ్చే మరక పడుతుంది.

గది లోపలి తేమా, గోడలోంచి వచ్చే నీరా?

వానాకాలంలో బీరువా వెనుక, మూలల్లో నల్లటి బూజు పట్టినంత మాత్రాన పైపు పగిలిందనుకోనక్కర్లేదు. గోడను పొడిగుడ్డతో తుడిచి, అరచేయంత అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు ఉంచండి. గది వైపు ఉన్న ముఖం మీద తేమ పడితే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడేలా చేస్తే సరిపోతుంది. గోడ వైపు ముఖం తడిస్తే నీరు గోడలోంచే వస్తోంది. నేలమట్టం నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా మాత్రమే గోడ పొడవునా చెమ్మ ఉంటే, అది పునాది నుంచి పైకి పీల్చుకున్న నేల తేమ కావచ్చు. సంపు గోడకు ఆనుకుని ఉన్న గది అయితే ముందు సంపు మట్టాన్ని ట్యాంకులాగే రాత్రిపూట కొలవండి. సంపు నుంచి నీరు బయటికి పోయే పగులులోంచి మురుగు లోపలికి కూడా రాగలదు కాబట్టి, ఆ పగులు చిన్నదైనా వాయిదా వేయకూడదు.

టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న పరికరం) ఉంటే మరొక చిన్న ఆధారం దొరుకుతుంది. కావేరి నీటిలో లవణాలు తక్కువ, బోరు నీటిలో ఎక్కువ. కారే నీటి అంకె మీ కుళాయి నీటికంటే బాగా తక్కువగా ఉంటే వాననీరో, ఏసీ నీరో అయి ఉంటుంది. ఎక్కువగా ఉంటే మాత్రం ఏమీ తేల్చలేం, కాంక్రీటు గుండా వచ్చే నీరు దారిలో లవణాలను కలుపుకుంటుంది.

వాన మీదే అనుమానం ఉంటే టెర్రస్‌ను ఎండ కాసే రోజుల్లోనే పరీక్షించండి. సెప్టెంబరు వానల మధ్యలో ఏ పరీక్షా స్పష్టంగా తేలదు. టెర్రస్ మొత్తాన్ని ఒకేసారి తడపకుండా, చుట్టూ మట్టికట్ట వేసి ఒక్కొక్క భాగంలో ఒక రోజు నీళ్లు నిలబెట్టండి. వాననీటి పైపు మూతి చుట్టూ, పిట్టగోడ నేలను కలిసే మూల, ట్యాంకు దిమ్మెల అడుగు భాగం: ఎక్కువగా ఈ మూడు చోట్లే పగుళ్లు ఉంటాయి.

పై ఇంటివారితో మాట, ప్లంబరుతో పని

పై ఇంటివారి సహకారం లేకుండా ఈ పరీక్షల్లో సగం జరగవు. ‘మీ బాత్‌రూమ్ కారుతోంది’ అని మొదలుపెడితే తలుపు అక్కడే మూసుకుంటుంది. ‘అక్కా, మా పైకప్పులో చెమ్మ వస్తోంది, ఎక్కడి నుంచో తెలియడం లేదు. రేపు ఒక్క రోజు మీరు ఆ బాత్‌రూమ్ వాడకుండా ఉంటే తెలిసిపోతుంది’ అని అడిగి, గంటలు వేసిన మరక ఫొటోలు చూపించండి. ఫలితం వారి ఇంటిని తప్పించేదైతే అదే రోజు వెళ్లి చెప్పండి. తర్వాత మరో పరీక్షకు తలుపు తెరిచేది ఆ మర్యాదే.

గోడలో దాగిన సరఫరా పైపు మీదే అనుమానం స్థిరపడితే, పగలగొట్టే ముందు ప్రెషర్ టెస్ట్ చేయమని ప్లంబరును అడగండి. కుళాయిల రంధ్రాలకు ప్లగ్గులు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి పెంచి గేజీ ముల్లును గమనిస్తారు. ముల్లు దిగజారితే ఆ పైపులో లీకేజీ ఉంది. థర్మల్ కెమెరా తెచ్చేవారు కూడా ఉన్నారు గానీ, అది నీటిని చూడదు, ఉష్ణోగ్రత తేడాను మాత్రమే చూపుతుంది. వేడినీటి పైపు విషయంలో అది బాగా పనికొస్తుంది, మిగతాచోట్ల దాని ఫలితాన్ని మీ నోటుపుస్తకంతో సరిచూసుకోవాలి.

లీకేజీ దొరికి పైపు అతికించాక, సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) జిగురు డబ్బా మీద రాసిన సమయం పూర్తిగా గడవనిచ్చి, గాడిని సిమెంటుతో మూయక ముందే ప్రెషర్ టెస్ట్‌ను మళ్లీ చేయించండి. గ్లాసులో పడే నీటిని రోజూ కొలుస్తూ ఉంటే అది క్రమంగా తగ్గి ఆగిపోవాలి. వారం గడిచినా అదే అంకె ఉంటే రెండో లీకేజీ ఉందని అనుమానించాలి. ఆగిపోయాక కూడా గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పడుతుంది. ఉబ్బిన లప్పాన్ని గీకేసి, గోడను తెరిచి వదిలి, ఫాయిల్ పరీక్షలో గోడ వైపు ముఖం పొడిగా వచ్చిన తర్వాతే కొత్త లప్పం, పెయింటు వేయించండి.